గాయాల జాబితా ఎవరు రాస్తారు?

ఆటల వార్తల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది. ఫలానా క్రీడాకారిణి “తరచూ గాయాల పాలయ్యే మనిషి” అంటారు. ఎత్తు, బరువు, పుట్టిన ఊరు చెప్పినట్టే ఇదీ చెప్పేస్తారు. దెబ్బ తగలడం ఆ మనిషి స్వభావం అన్నట్టు, ఆ దేహంలోనే ఏదో లోపం ఉన్నట్టు. ఆ దెబ్బ ఎలాంటి పని చేస్తుంటే తగిలింది, ఆ పనికి జీతం ఉందా, మంచాన పడ్డ నెలల్లో అద్దె ఎవరు కట్టారు, ఆ గాయాన్ని అర్థం చేసుకునే వైద్యశాస్త్రం అసలు ఎవరి దేహాన్ని చూసి తయారైంది అన్న ప్రశ్నలు ఆ మాట వెనక దాక్కుంటాయి. ఈ ప్రశ్నల్ని పట్టుకుని న్యూజిలాండ్ రగ్బీ వింగర్ పోర్షియా వుడ్‌మన్ ఆట జీవితాన్ని చూస్తే, ఆమె ఒక్కదాని కథే కాకుండా నూట ముప్పై ఏళ్ళ స్త్రీల చరిత్ర కొంత బయటపడుతుంది.

రగ్బీ మనకి పెద్దగా పరిచయం లేని ఆట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తి ఎదుటి జట్టు గీత దాటి నేలకి తాకించాలి. అలా తాకిస్తే దాన్ని ‘ట్రై’ అంటారు. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, వెనక్కో పక్కకో మాత్రమే అందించాలి. బంతి పట్టుకున్న మనిషిని ఎదుటివాళ్ళు ఒంటితో అడ్డుకుని కింద పడేయొచ్చు. అది ‘టాకిల్’. కబడ్డీలో కూతకొచ్చిన మనిషిని పట్టుకున్నట్టే, కాకపోతే పూర్తి వేగంతో పరిగెత్తే మనిషిని. జట్టులో 15 మంది ఉంటారు. ఏడుగురితో ఆడే పొట్టి ఆట ‘సెవెన్స్’. వింగర్ మైదానం అంచున నిలబడుతుంది. మధ్యలో మిగతావాళ్ళు తోసుకుంటూ, పెనుగులాడుతూ సంపాదించిన బంతి చేతులు మారి మారి చివరికి ఆమెకి చేరుతుంది. అక్కడినుంచి ఆమె పని పరిగెత్తడమే. పక్కన గీత, ఎదురుగా మనుషులు. అందుకే ట్రైల లెక్కలో వింగర్ల పేర్లే ఎక్కువ. హఠాత్తుగా వేగం అందుకోవడం, హఠాత్తుగా ఆగడం, ఒక్క కాలి మీద దిశ మార్చడం వాళ్ళ పని కాబట్టి తొడ కండరాలు, మోకాళ్ళు, మడమలు దెబ్బతినేదీ ఎక్కువే.

ఈ ఆటలోకి ఆడవాళ్ళు వస్తామన్నప్పుడు ఎదురైన మొదటి అడ్డంకి గాయమే. నిజంగా తగిలిన గాయం కాదు, తగులుతుందేమోనన్న గాయం. 1880లలో ఐర్లండ్‌లోని ఎన్నిస్కిల్లెన్‌లో ఎమిలీ వాలెంటైన్ అనే పదేళ్ళ పిల్ల, అన్నల జట్టులో ఒకరు తక్కువైతే మైదానంలోకి దిగి ట్రై చేసింది. ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది ఆమె పెద్దయ్యాక తన నోటు పుస్తకంలో రాసుకుంది కాబట్టి. రాసుకోకపోయి ఉంటే మనకి తెలిసేది కాదు. 1891లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో నీటా వెబ్ అనే ఆమె ఆడవాళ్ళతో రగ్బీ బృందాన్ని తయారుచేసి ఊరూరా ఆడించాలని పూనుకుంది. పత్రికలు విరుచుకుపడ్డాయి. ఇది స్త్రీత్వానికి తగదన్నారు. ఆమె జవాబులు రాసింది, తన అమ్మాయిల్ని సమర్థించుకుంది. అయినా ఆ పర్యటన జరగలేదు. సరిగ్గా రెండేళ్ళకి, 1893 సెప్టెంబరులో, అదే దేశం స్త్రీలకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఇచ్చింది. అలా ఇచ్చిన మొదటి స్వపరిపాలక దేశం అదే. ఓటు వేయడానికి తగిన మనిషి బంతి పట్టుకోవడానికి తగదన్నమాట! స్త్రీ బుద్ధిని ఒప్పుకోవడం కన్నా స్త్రీ దేహాన్ని ఆమెకి వదిలిపెట్టడమే సమాజానికి కష్టమైంది.

ఆ వాదన మనకీ కొత్తది కాదు. మా బడిలో ఏడో తరగతి ఆడపిల్లల కబడ్డీ జట్టు రెండు నెలలు కూడా నిలవలేదు. మోకాళ్ళు గీరుకుని ఇంటికి వెళ్తే “పెళ్ళి కావాల్సిన పిల్లవి, కాలో చెయ్యో విరిగితే ఎవరు చేసుకుంటారే?” అన్న మాట ఒక్క మా ఇంట్లోనే వినపడలేదు. పొలంలో కాలు తెగినా, పొయ్యి దగ్గర చెయ్యి కాలినా ఎవరూ అలా అనలేదు. పనిలో తగిలిన దెబ్బ ఆడదానికి సహజం, ఆటలో తగిలిన దెబ్బ తప్పు. దేహం మీద ప్రేమతో వచ్చిన భయం అయితే రెండిటికీ ఒకేలా ఉండాలి కదా!

స్త్రీల మొదటి రగ్బీ ప్రపంచ కప్పు 1991లో వేల్స్‌లో జరిగింది. దాన్ని నడిపింది లండన్ రిచ్‌మండ్ క్లబ్బుకి చెందిన నలుగురు ఆడవాళ్ళు - డెబొరా గ్రిఫిన్, సూ డారింగ్టన్, ఆలిస్ కూపర్, మేరీ ఫోర్సైత్. అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆ పోటీని గుర్తించలేదు. ఆటగాళ్ళు సొంత డబ్బుతో వచ్చారు. సోవియట్ జట్టు దగ్గర విదేశీ డబ్బు లేక, ఖర్చులకోసం అమ్ముకోవడానికి వోడ్కా సీసాలు తెచ్చుకున్నారు. ఫైనల్లో అమెరికా 19-6తో ఇంగ్లండ్‌ని ఓడించింది. ఆ 1991 పోటీని, 1994 పోటీని బోర్డు అధికారికంగా గుర్తించింది 2009లో! పద్దెనిమిదేళ్ళపాటు ఆ ఆడవాళ్ళు ఆడిన ఆట, తగిలించుకున్న దెబ్బలు లెక్కలో లేవు. వింతేమంటే ఆ నలుగురిలో ఒకరైన డెబొరా గ్రిఫిన్ 2025లో ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కి మొదటి మహిళా అధ్యక్షురాలయింది.

ఆ 1991లోనే, జూలైలో, న్యూజిలాండ్ ఉత్తర కొసన కైకోహె అనే చిన్న ఊళ్ళో పోర్షియా వుడ్‌మన్ పుట్టింది. మావోరీ తెగల్లో పెద్దదైన ఙాపుహి వాళ్ళ పిల్ల. తండ్రి కావెనా, పెదనాన్న వరసయ్యే ఫ్రెడ్ ఇద్దరూ 1980లలో పురుషుల జాతీయ జట్టు ‘ఆల్ బ్లాక్స్’కి ఆడినవాళ్ళు. ఇంటినిండా రగ్బీ. అయినా ఆ ఇంటి ఆడపిల్ల అంతర్జాతీయ కలలు కన్నది నెట్‌బాల్‌లో. బాస్కెట్‌బాల్‌ని పోలిన ఆ ఆటే న్యూజిలాండ్‌లో ఆడపిల్లల ఆట. టీవీలో వచ్చేది అదే, ఆడవాళ్ళకి కాస్తో కూస్తో డబ్బు ఇచ్చేదీ అదే. పోర్షియా నార్తర్న్ మిస్టిక్స్ అనే జట్టుకి ఆడింది కూడా. ఇంట్లో ఉన్న విద్య కొడుక్కి వారసత్వంగా వస్తుంది, కూతురికి మాత్రం చుట్టు తిరిగి రావాలి.

ఆ చుట్టు ఒలింపిక్స్ వల్ల తగ్గింది. 2009 అక్టోబరులో ఒలింపిక్ కమిటీ రగ్బీ సెవెన్స్‌ని, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కలిపి, 2016 పోటీల్లో చేర్చింది. ఒక్కసారిగా ఆడవాళ్ళ పతకం కూడా దేశానికి పతకమే అయింది. న్యూజిలాండ్ రగ్బీ సంఘం 2012లో ‘గో ఫర్ గోల్డ్’ అని ఊరూరా శిబిరాలు పెట్టి ఇతర ఆటల్లో ఉన్న అమ్మాయిల్ని వెతికింది. అలా దొరికినవాళ్ళలో పోర్షియా ఒకరు. ఆడపిల్లల మీద ప్రేమతో తలుపులు తెరుచుకున్నాయని అనుకోనక్కర్లేదు. పతకాల పట్టికలో ఖాళీ ఉంది కాబట్టి తెరుచుకున్నాయి. కానీ తెరుచుకున్న తలుపులోంచి లోపలికి వచ్చినవాళ్ళు దాన్ని మళ్ళీ మూయనివ్వలేదు. 2013లో మాస్కోలో సెవెన్స్ ప్రపంచ కప్పు గెలిచారు. 2015లో పోర్షియాకి ప్రపంచ ఉత్తమ సెవెన్స్ క్రీడాకారిణి గుర్తింపు వచ్చింది.

2016 రియో ఫైనల్లో న్యూజిలాండ్ 17-24తో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. ఆ పోటీల్లో ఆడవాళ్ళలో అందరికన్నా ఎక్కువ ట్రైలు, పది, చేసింది పోర్షియానే. కానీ ఫైనల్లో ఎల్లో కార్డు పడి రెండు నిమిషాలు బయట కూర్చుంది ఆమె. మ్యాచ్ అయ్యాక ఆమె ఏడుపు ప్రపంచమంతా చూసింది. ఏడాది తిరిగేసరికి, 2017 ఆగస్టులో ఐర్లండ్‌లో జరిగిన పదిహేను మంది ఆట ప్రపంచ కప్పులో ఆమె 13 ట్రైలు చేసింది. హాంగ్‌కాంగ్ మీద 121-0తో గెలిచిన ఒక్క మ్యాచ్‌లోనే ఎనిమిది. బెల్‌ఫాస్ట్ ఫైనల్లో న్యూజిలాండ్ 41-32తో ఇంగ్లండ్‌ని ఓడించింది. ఆ సంవత్సరపు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి ఆమే.

ఇక్కడ కాసేపు ఆగి ఆ రెండు ఫైనల్ జట్ల జీతాల సంగతి చూడాలి. కప్పు గెలిచిన న్యూజిలాండ్ స్త్రీల జట్టు ‘బ్లాక్ ఫెర్న్స్’లో సెవెన్స్ కాంట్రాక్టు ఉన్న కొద్దిమంది తప్ప మిగతావాళ్ళకి జీతం లేదు. శిబిరాల్లో ఉన్న రోజులకి భత్యం ఇచ్చేవాళ్ళు. కెప్టెన్ ఫియావో ఫామావుసిలి పోలీసు శాఖలో డిటెక్టివ్. ఉద్యోగానికి సెలవు పెట్టి ప్రపంచ కప్పు గెలిచి మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలి. అటు ఇంగ్లండ్ వాళ్ళకేమో కాంట్రాక్టులు ఉన్నాయి కానీ ప్రపంచ కప్పు తర్వాత వాటిని కొనసాగించబోమని పోటీకి ముందే చెప్పేశారు. ఓడినా గెలిచినా పని ఉండదని తెలిసి వాళ్ళు ఫైనల్ ఆడారు. బ్లాక్ ఫెర్న్స్‌కి మొదటి కాంట్రాక్టులు 2018లో వచ్చాయి, ముప్పై మందికి. ఇంగ్లండ్‌లో పదిహేను మంది ఆటకి పూర్తికాలపు కాంట్రాక్టులు 2019 జనవరిలో, 28 మందికి.

అంతవరకూ ఎగరడమే చూసిన పోర్షియా జీవితంలో 2018లోనే మలుపు వచ్చింది. ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ స్వర్ణం, జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో సెవెన్స్ ప్రపంచ కప్పు. ఆ సంవత్సరం చివర్లో మడమ వెనక పెద్ద నరం తెగింది. అకిలీస్ అంటారే, అది. పిక్కని మడమకి కట్టి ఉంచే మోకు లాంటిది. అది తెగితే పరుగు మాట అటుంచి మునివేళ్ళ మీద లేవడం కూడా కుదరదు. మానడానికి నెలలు పడుతుంది. మానాక పిక్కలో పాత బలం రావడానికి ఇంకా నెలలు. ఆమె ఆ గాయంనుంచి తేరుకుంటుండగానే తొడ వెనక కండరం దెబ్బతింది. ప్రపంచంలోనే వేగమైన వింగర్ అని పేరున్న మనిషి ఇరవై ఏడేళ్ళ నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ మధ్య, అంటే దేహం మంచి పదును మీద ఉండే కాలంలో, ఎక్కువ భాగం మైదానం బయట గడిపింది. “తరచూ గాయాల పాలయ్యే” అన్న మాట ఆమె పేరుకి అతుక్కోవడం అప్పుడే మొదలైంది.

ఆ నెలల్లో ఆమెని నిలబెట్టినవి రెండు. ఒకటి సెవెన్స్ కాంట్రాక్టు. రెండోది న్యూజిలాండ్ ప్రభుత్వ ప్రమాద పరిహార పథకం. ఇది గమనించాల్సిన వ్యవస్థ. జడ్జి వుడ్‌హౌస్ కమిషన్ 1967లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1972లో చట్టం వచ్చి, 1974 ఏప్రిల్ నుంచి అమలైంది. పనిలోనైనా, రోడ్డు మీదైనా, ఆటలోనైనా దెబ్బ తగిలితే తప్పు ఎవరిదని అడగకుండా వైద్యం ఖర్చు భరిస్తుంది. పనికి వెళ్ళలేనివాళ్ళకి వాళ్ళ సంపాదనలో 80 శాతం వారం వారం ఇస్తుంది. మొదట రాసుకున్న చట్టం ప్రధానంగా సంపాదించేవాళ్ళకోసం, వాహన ప్రమాదాల బాధితులకోసం. ఇంటిపని చేసే ఆడవాళ్ళు అందులో లేరు. అమలుకి ముందే, 1973లో చేసిన సవరణతో సంపాదన లేనివాళ్ళు కూడా లోపలికి వచ్చారు.

చాలా మంచి చట్టం. మనకి అలాంటిది ఉంటే బాగుండునని నాకనిపిస్తుంది. కానీ ఆ 80 శాతం అన్న మాట దగ్గర ఆగండి. దేనిలో 80 శాతం? సంపాదనలో. జీతం లేని పనిలో దెబ్బ తగిలితే ఆ పనికి లెక్క సున్నా. సున్నాలో 80 శాతం సున్నానే. మెట్ల మీద జారిపడ్డ గృహిణికి కట్టు కడతారు, ఆమె వండని అన్నానికి, ఉతకని బట్టలకి వారం వారం పరిహారం రాదు. 2018కి ముందు జాతీయ జట్టుకి జీతం లేకుండా ఆడిన క్రీడాకారిణిదీ అదే పరిస్థితి. ఆమెకి దొరికేది తన వేరే ఉద్యోగం జీతం మీద లెక్కే, దేశం కోసం ఆడిన ఆట మీద కాదు. ఆడవాళ్ళ శ్రమకి ధర కట్టకపోవడం జీతం రోజున ఒక్కటే నష్టం కాదు, కాలు విరిగిన రోజున ఆ నష్టం రెండోసారి జరుగుతుంది. అంచేత కాంట్రాక్టు ఉన్న పోర్షియా రెండేళ్ళు ఆగి తిరిగి రాగలిగింది. ఆమెకన్నా ముందు తరాల్లో అలా మడమ తెగిన ఆడవాళ్ళు ఎంతమంది చెప్పకుండా ఆట మానేశారో, ఆ జాబితా ఎవరూ రాయలేదు. “గాయాల మనిషి” అన్న పేరు కూడా ఒకరకంగా జీతమున్నవాళ్ళకి దక్కే పేరే. లేనివాళ్ళు కనిపించకుండా పోతారు.

ఇంకో సంగతి ఉంది. ఈ గాయాల గురించి వైద్యానికి తెలిసిందెంత? మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు, ఏసీఎల్ అంటారు, తెగడం అన్నది ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో కొన్ని రెట్లు ఎక్కువ. ఎందుకు? చాలాకాలం అందరూ ఆడదాని దేహంవైపే వేలు చూపించారు. తుంటి వెడల్పు అన్నారు, హార్మోన్లు అన్నారు, రుతుచక్రం అన్నారు. వాటిలో కొంత నిజం ఉండొచ్చు, పరిశోధనలు సాగుతున్నాయి. కానీ చిన్నప్పటినుంచి బరువులెత్తే శిక్షణ మగపిల్లలకి దొరికినంత ఆడపిల్లలకి దొరకదని, వాళ్ళకిచ్చే మైదానాలు నాసిరకమని, వాళ్ళు తొడుక్కునే బూట్లు మగవాళ్ళ పాదం కొలతలతో చేసినవని అనడం ఈమధ్యనే మొదలైంది. ఆడవాళ్ళ పాదం మగవాళ్ళ పాదానికి చిన్న సైజు కాదు. మడమ, వంపు, వేళ్ళ దగ్గర వెడల్పు, అన్నీ వేరు. బూటు మాత్రం అదే అచ్చు, సైజు తగ్గించి అమ్మారు. 2014 నుంచి 2020 దాకా వచ్చిన క్రీడా వైద్య పరిశోధనల్ని లెక్కవేసి చూస్తే వాటిలో పాల్గొన్నవాళ్ళలో స్త్రీలు మూడోవంతే. కేవలం ఆడవాళ్ళ మీద చేసినవి నూటికి ఆరు. ముందు ఈ దేహం ఆటకి పనికిరాదన్నారు, ఆడి చూపించాక ఈ దేహాన్ని చదవడానికి ఖర్చు పెట్టలేదు, దెబ్బ తగిలితే మాత్రం దేహానిదే లోపమన్నారు.

పోర్షియా తిరిగి వచ్చింది. కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యంగా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్ 26-12తో ఫ్రాన్స్‌ని ఓడించి స్వర్ణం గెలిచింది. 2022లో ఆమె మళ్ళీ పదిహేను మంది ఆటలోకి అడుగుపెట్టింది. అప్పటికి బ్లాక్ ఫెర్న్స్ పరిస్థితి బాగోలేదు. 2021 చివర్లో యూరప్ పర్యటనలో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల చేతిలో ఆడిన నాలుగు మ్యాచ్‌లూ ఓడారు. తిరిగొచ్చాక తె కురా ఙాటా-అయెరెంగమాటె అనే సీనియర్ క్రీడాకారిణి, కోచ్ మాటలు తన మనసుని ఎంత దెబ్బతీశాయో బహిరంగంగా రాసింది. విచారణ జరిగింది. జట్టు నడిచే తీరులో లోపాలున్నాయని, మావోరీ, పసిఫిక్ దీవుల అమ్మాయిల సంస్కృతిని అర్థం చేసుకోవడం లేదని 2022లో ఆ నివేదిక చెప్పింది. కోచ్ గ్లెన్ మూర్ తప్పుకున్నాడు. ఎక్స్‌రేలో కనపడని ఈ దెబ్బల్ని గాయాల జాబితాలో ఎవరూ రాయరు. ఆమె నోరు తెరిచింది కాబట్టి తెలిసింది.

వేన్ స్మిత్ అనే పెద్దాయన కోచ్‌గా వచ్చాక జట్టు తీరు మారింది. 2022 అక్టోబరు, నవంబరుల్లో న్యూజిలాండ్‌లోనే జరిగిన ప్రపంచ కప్పు మొదటి మ్యాచ్‌లో ఆస్ట్రేలియా మీద 0-17తో వెనకపడి కూడా 41-17తో గెలిచారు. పోర్షియా మూడు ట్రైలు చేసింది. క్వార్టర్ ఫైనల్ ఫాంగరేలో, ఆమె పుట్టిన ఉత్తర ప్రాంతంలోనే జరిగింది. అక్కడ వేల్స్ మీద చేసిన రెండు ట్రైలతో ప్రపంచ కప్పుల్లో ఆమె ట్రైల లెక్క 20కి చేరింది. ఇంగ్లండ్ క్రీడాకారిణి సూ డే పేర ఉన్న 19 రికార్డు దాటింది. మడమ తెగిన కాలితో!

నవంబరు 12న ఆక్లండ్ ఈడెన్ పార్క్‌లో ఫైనల్. 42,579 మంది వచ్చారు. నూట ముప్పై ఒక్క ఏళ్ళ కిందట నీటా వెబ్ అమ్మాయిల్ని వద్దన్న ఊరు అదే. వరసగా 30 మ్యాచ్‌లు గెలిచి వచ్చింది ఇంగ్లండ్. మన గడియారంలో మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకుని ఫోనులో చూస్తున్నాను. ఆట మొదలై 18 నిమిషాలయింది. బంతితో పరిగెత్తుతున్న పోర్షియాని ఆపడానికి ఇంగ్లండ్ వింగర్ లిడియా థామ్సన్ వంగకుండా నిటారుగా ఎదురెళ్ళింది. తలా తలా కొట్టుకున్నాయి. పోర్షియా నేలమీద కదలకుండా పడిపోయింది. తలకి తగిలే టాకిల్‌ల మీద 2017 జనవరి నుంచి నిబంధనలు కఠినమయ్యాయి. థామ్సన్‌కి రెడ్ కార్డు పడింది. ఇంగ్లండ్ మిగిలిన గంటసేపూ పద్నాలుగు మందితో ఆడింది. పోర్షియా మళ్ళీ మైదానంలోకి రాలేదు. చివరి నిమిషంలో జోఆనా ఙాన్-వూ ఇంగ్లండ్‌కి అందాల్సిన బంతిని గాల్లోనే తట్టేసింది. న్యూజిలాండ్ 34-31తో గెలిచింది. ప్రపంచ కప్పుల్లో అత్యధిక ట్రైలు చేసిన మనిషి తన దేశంలో జరిగిన ఫైనల్‌ని మొదటి 18 నిమిషాలకు మించి ఆడలేదు.

ఆ దృశ్యంలో నన్ను వదలనిది ఆ రెండో మనిషి. థామ్సన్ కూడా వింగరే, మైదానం అంచున పరిగెత్తే మనిషే. ఆమెలో కసి లేదు. అర సెకను ముందు వంగి ఉంటే చాలు. కార్డు చూపించిన రిఫరీది తప్పు కాదు, తలని కాపాడే నిబంధన ఉండాల్సిందే. కానీ ఓడిన జట్టు కథలో ఆ ఒక్క పేరే మిగిలిపోతుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే దెబ్బలో రెండు రకాలుగా గాయపడ్డారు. ఒకరిది గాయాల జాబితాలోకి ఎక్కింది, ఇంకొకరిది శిక్షల జాబితాలోకి. స్త్రీల ఆట అనేసరికి ఒకరు బాధితురాలు, ఒకరు దోషి కావాలని చూస్తారు. నాకు మాత్రం ఇద్దరూ పని ప్రమాదంలో చిక్కుకున్న పనివాళ్ళలా కనపడ్డారు.

తలకి తగిలే దెబ్బ సంగతి ఇంగ్లండ్ వాళ్ళకీ ముందే తెలుసు. 2014లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో వింగర్ క్యాథరిన్ మర్చంట్. 58 మ్యాచ్‌లు ఆడింది. తలకి పదేపదే దెబ్బలు తగిలి, ఇక ఆడితే ప్రమాదమని ఆ గెలుపు వెంటనే, ఇరవైల్లోనే ఆట వదిలేసింది. తల అదిరితే ఆ దెబ్బ మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ రోజులు ఉండొచ్చని, మెడ కండరాల బలం, శిక్షణ ఇందులో ముఖ్యమని ఇప్పుడు అంటున్నారు. దంతాలకి పెట్టుకునే రక్షణ తొడుగులో తల అదురుని కొలిచే పరికరం అమర్చి, 2023లో స్త్రీల అంతర్జాతీయ పోటీల్లో మొదలుపెట్టారు. 2025 ప్రపంచ కప్పులో దెబ్బ పెద్దదైతే ఎర్రగా వెలిగే తొడుగులు వచ్చాయి. ఈసారి ఆడవాళ్ళ దేహాన్ని కూడా కొలుస్తున్నారు. ఆలస్యమే, అయినా మంచిదే.

పోర్షియా 2022 డిసెంబరులో తన సహచరి రెనే విక్లిఫ్‌ని పెళ్ళి చేసుకుని పోర్షియా వుడ్‌మన్-విక్లిఫ్ అయింది. రెనే కూడా బ్లాక్ ఫెర్న్స్‌కి వింగర్‌గా ఆడిన మనిషే. గాయమైన వింగర్‌కి ఇంట్లో ఏం కావాలో ఇంకో వింగర్‌కి చెప్పాల్సిన అవసరం ఉండదనుకుంటాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కెనడాని 19-12తో ఓడించి రెండో స్వర్ణం గెలిచాక ఆమె అంతర్జాతీయ సెవెన్స్ నుంచి విరమించుకుంది. అయినా 2025లో, ముప్పై నాలుగేళ్ళ వయసులో, ప్రపంచ కప్పు కోసం మళ్ళీ బ్లాక్ ఫెర్న్స్‌లోకి వచ్చింది. న్యూజిలాండ్ సెమీఫైనల్లో కెనడా చేతిలో ఓడి, ఫ్రాన్స్ మీద గెలిచి మూడో స్థానంలో నిలిచింది. ట్వికెన్‌హామ్‌లో జరిగిన ఫైనల్‌కి 81,885 మంది వచ్చారు. ఇంగ్లండ్ 33-13తో కెనడాని ఓడించింది.

ఈమధ్య కొన్ని మార్పులు వచ్చాయి. 2023లో ఇంగ్లండ్ తన కాంట్రాక్టు క్రీడాకారిణులకి 26 వారాల పూర్తి జీతంతో ప్రసూతి సెలవు ఇచ్చింది, పర్యటనలకి పసిబిడ్డని వెంట తీసుకెళ్ళే వీలు కల్పించింది. అదే ఏడాది ఐర్లండ్ జట్టు, నెలసరి రోజుల్లో ఇబ్బందిగా ఉందని ఆటగాళ్ళు చెప్పడంతో తెల్ల నిక్కర్లు మానేసి నీలం రంగువి తొడుక్కుంది. ఇవి చిన్నవిగా కనపడొచ్చు. కానీ ఈ ఆటని ఇన్నాళ్ళూ ఏ దేహం కోసం రూపొందించారో ఇవే చెబుతున్నాయి.

పోర్షియా వుడ్‌మన్ గాయాల జాబితాలో మడమ, తొడ, తల ఉంటాయి. ఆ జాబితా నిజమే, కాని సగమే. మిగతా సగంలో ఉండాల్సినవి వేరు. నూట ముప్పై ఏళ్ళ కిందట రద్దయిన పర్యటన, పద్దెనిమిదేళ్ళు గుర్తింపు లేని ప్రపంచ కప్పు, జీతం లేని కెప్టెన్లు, మగవాడి పాదానికి కుట్టిన బూటు, సున్నాలో 80 శాతం. ఆడవాళ్ళ ఆట చరిత్ర రాసేటప్పుడు ఎన్ని ట్రైలు అన్నదాని పక్కనే, దెబ్బ తగిలిన రోజున ఆమె పొయ్యి వెలిగిందా లేదా అన్నది కూడా రాయాలి. ఆ లెక్క రాయడం మొదలుపెడితే, తరచూ గాయాల పాలయ్యేది ఎవరు, గాయపరిచేది ఏది అన్నది తేలుతుంది.